కనబడని అవయవాన్ని నార్మల్ అని రాయకండి: స్కానింగ్ డాక్టర్లకూ ఆసుపత్రి యాజమాన్యాలకూ బహిరంగ లేఖ

అల్ట్రాసౌండ్ స్కాన్ చేసి రిపోర్టు రాసే డాక్టర్లకు, స్కాన్ రాసిచ్చే డాక్టర్లకు, స్కానింగ్ విభాగాలు నడిపే ఆసుపత్రి యాజమాన్యాలకు నమస్కారం.

మీ పని మీద గౌరవంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. పొద్దస్తమానం చీకటి గదిలో చెయ్యి చాపి, ప్రోబ్ (ఒంటి మీద ఆనించే స్కాన్ పరికరం) నొక్కిపట్టి, స్క్రీన్ మీద నుంచి చూపు తిప్పకుండా చేసే ఆ పని వల్ల మీలో చాలామందికి మెడ, భుజం, మణికట్టు నొప్పులు పట్టుకుంటాయని తెలుసు. మర్యాదలు ఇక్కడితో ఆపి విషయానికి వస్తాను.

మా ఫిర్యాదు ఒక్కటే. స్కాన్‌లో సరిగ్గా కనబడని భాగాన్ని కూడా రిపోర్టులో నార్మల్ అని రాసేస్తున్నారు. ఆ కాగితం నమ్మి మేము ఇంటికి వెళ్ళిపోతున్నాం. దీని గురించి సంబంధిత ఆసుపత్రికి రాసి ఇచ్చాం. "చూస్తాం" అన్న మాట తప్ప జవాబు రాలేదు. రిపోర్టు సరిదిద్దమని అడిగితే అదీ జరగలేదు. అందుకే అందరికీ తెలిసేలా రాయాల్సి వచ్చింది. ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ చెప్పను. ఈ అలవాటు ఏ ఒక్క చోటుకో పరిమితమైంది కాదు కాబట్టి, పేరు చెప్పినా ఒరిగేదేమీ లేదు.

జరిగింది ఇది. మా పెద్దమ్మకు కుడి డొక్కలో నొప్పి, వాంతులు మొదలైతే కడుపు స్కాన్ తీయించాం. స్కాన్ జరుగుతున్నంతసేపూ నేను పక్కనే నిలబడి ఉన్నాను. డాక్టర్‌గారు ప్రోబ్ పెట్టి గట్టిగా నొక్కారు, పక్కకు తిరగమన్నారు, ఊపిరి బిగబట్టమన్నారు. చివరికి టైపు చేసే అమ్మాయి వైపు చూసి, "గ్యాస్ బాగా ఉంది, పాంక్రియాస్ కనబడట్లేదు, సీబీడీ కింది భాగం కూడా రావట్లేదు" అన్నారు. ఆ అమ్మాయి సరే సార్ అంది. కాసేపటికి చేతికొచ్చిన రిపోర్టులో పాంక్రియాస్ సైజు నార్మల్, సీబీడీ నార్మల్ అని ఉంది. గాల్ బ్లాడర్‌లో చిన్న రాళ్ళున్నాయన్న సంగతి మాత్రం సరిగ్గానే రాశారు.

పాంక్రియాస్ అంటే క్లోమ గ్రంథి. సీబీడీ అంటే లివర్ నుంచి, గాల్ బ్లాడర్ నుంచి వచ్చే పైత్యరసాన్ని పేగులోకి చేర్చే గొట్టం. గాల్ బ్లాడర్‌లోని చిన్న రాయి జారితే ఇరుక్కునేది అక్కడే. రిపోర్టు చూసిన డాక్టర్ గొట్టం బాగానే ఉందనుకుని మాత్రలు రాసి, ఆపరేషన్ సంగతి తర్వాత చూద్దామని పంపేశారు. వారం తిరక్కుండానే పెద్దమ్మ కళ్ళు పచ్చబడ్డాయి, చలిజ్వరంతో మంచం మీద వణికిపోయింది. ఎమర్జెన్సీలో చేర్చి ఎంఆర్‌సీపీ (పైత్యరస గొట్టాల్ని చూపించే ఎంఆర్‌ఐ స్కాన్) తీస్తే రాయి సరిగ్గా ఆ కనబడని చోటే ఉంది. ఎండోస్కోపీ ద్వారా రాయి తీశారు, ఆ తర్వాత గాల్ బ్లాడర్ కూడా తీసేశారు. కోలుకుంది.

రాయి కనబడకపోవడం డాక్టర్‌గారి తప్పని మేము అనడం లేదు. కనబడట్లేదని ఆయనే నోరు తెరిచి చెప్పారు కూడా. ఆ మాట కాగితం మీదికి రాలేదు, అంతే. వచ్చి ఉంటే వైద్యం చేసే డాక్టర్ బిలిరుబిన్ పరీక్ష (కామెర్లు తెలిపే రక్తపరీక్ష) రాసేవారు, ఎంఆర్‌సీపీ ముందే తీయించేవారు, అంత ప్రాణం మీదికి వచ్చేది కాదు.

దీనికో కొసమెరుపు ఉంది. ఆపరేషన్ అయ్యాక మరో చోట తీసిన స్కాన్ రిపోర్టులో "గాల్ బ్లాడర్ నార్మల్, రాళ్ళు లేవు" అని వచ్చింది. రాళ్ళు లేవన్నది నిజమే. గాల్ బ్లాడరే లేదు.

ఇలా ఎందుకవుతుందో మీకు మాకంటే బాగా తెలుసు. కంప్యూటర్‌లో కడుపు స్కాన్ అని నొక్కగానే అన్ని అవయవాలూ నార్మల్ అన్న రిపోర్టు ముందే తయారై తెరుచుకుంటుంది. తేడా ఉన్న లైను మాత్రం మార్చి ప్రింట్ తీస్తారు. ఎవరూ ముట్టుకోని లైను నార్మల్‌గానే మిగిలిపోతుంది. చూసి బాగుందని తేల్చినదీ, అసలు చూడలేకపోయినదీ ఒకే మాటతో అచ్చవుతాయి. చదివేవాడికి తేడా ఎలా తెలియాలి?

ఈ పరీక్ష మీద మాకు అపనమ్మకం లేదు. 1958లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో డాక్టర్లు ఇయాన్ డొనాల్డ్, జాన్ మెక్‌వికార్, ఇంజనీర్ టామ్ బ్రౌన్ కలిసి లాన్సెట్ వైద్య పత్రికలో రాసిన వ్యాసంతోనే కడుపు స్కాన్‌కు గుర్తింపు వచ్చింది. అందులో ఒకావిడది జీర్ణాశయ క్యాన్సర్, ఇక చేసేదేమీ లేదని డాక్టర్లు తేల్చేసిన కేసు. డొనాల్డ్ స్కాన్ చేస్తే లోపలున్నది పెద్ద నీటితిత్తి అని తేలింది. అండాశయం నుంచి పెరిగిన ఆ తిత్తిని తీసేస్తే ఆవిడ బతికింది. గట్టి గడ్డా, నీటితిత్తా అని కోత లేకుండా చెప్పగలగడం చిన్న విషయం కాదు. పైగా ఇందులో ఎక్స్‌రే లాంటి రేడియేషన్ లేదు. అందుకే గర్భిణికైనా, పసిబిడ్డకైనా ముందుగా గుర్తొచ్చే పరీక్ష ఇదే.

కానీ దీని హద్దులు దీని పనితీరులోనే ఉన్నాయి. మనిషి చెవికి 20 వేల హెర్ట్జ్ దాటిన శబ్దం వినబడదు. స్కాన్ ప్రోబ్ పంపేది సాధారణంగా 20 లక్షల నుంచి కోటిన్నర హెర్ట్జ్ పైదాకా ఉండే శబ్దం. అది లోపలికి వెళ్ళి, ఒక కణజాలం నుంచి మరో కణజాలానికి మారే చోటల్లా కొంత వెనక్కి తిరిగొస్తుంది. ఒంట్లో శబ్దం సెకనుకు 1540 మీటర్ల వేగంతో పోతుందన్న లెక్కతో, తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి ఏది ఎంత లోతులో ఉందో యంత్రం బొమ్మ గీస్తుంది. దారిలో గాలి తగిలిందంటే శబ్దం దాదాపు మొత్తం అక్కడి నుంచే వెనక్కి వచ్చేస్తుంది. చర్మానికీ ప్రోబ్‌కీ మధ్య గాలి పొర ఉండకూడదనే ఆ చల్లటి జెల్ రాస్తారు. పేగుల్లో ఉన్న గ్యాస్‌కు మాత్రం ఏ జెల్లూ రాయలేం. ఎముక వెనకా అంతే, నల్లటి నీడే. ఒంట్లో కొవ్వు ఎక్కువుంటే లోతుకు వెళ్ళేకొద్దీ శబ్దం నీరసిస్తుంది. లోతు చూడాలంటే తక్కువ ఫ్రీక్వెన్సీ వాడాలి, అప్పుడు బొమ్మలో స్పష్టత తగ్గుతుంది. స్పష్టత కావాలంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీ వాడాలి, అప్పుడు లోతుకు అందదు. థైరాయిడ్ అంత శుభ్రంగానూ పాంక్రియాస్ అంత మసగ్గానూ కనబడేది అందుకే.

పైగా ఇది మనిషి చేతి మీద ఆధారపడ్డ పరీక్ష. సీటీ స్కాన్‌లో కడుపంతా వరసగా పలకలు పలకలుగా రికార్డవుతుంది, తర్వాత ఎవరైనా తీసి చూడొచ్చు. అల్ట్రాసౌండ్ చీకటి గదిలో టార్చిలైటు వేసి వెతికినట్టు. వెలుగు పడిన మూల వరకే తెలుస్తుంది, ఏ మూలన పడలేదో ఆ లైటు పట్టుకున్న మనిషికే తెలుసు. ఆ మనిషి చెప్పకపోతే ఇంకెవరూ చెప్పలేరు.

మామూలు జనం మీద దీని దెబ్బ ఎలా పడుతోందో వరసగా చెబుతాను.

1. కనబడకపోవడాన్ని లేకపోవడంగా చదువుకోవడం. గాల్ బ్లాడర్‌లోపల ఉన్న రాయిని పట్టడంలో ఈ స్కాన్‌కు తిరుగులేదు. తెల్లగా మెరుస్తుంది, వెనక నీడ పడుతుంది, పేషెంటును పక్కకు తిప్పితే అదీ దొర్లుతుంది. అదే రాయి గొట్టంలోకి జారిందంటే పేగు గ్యాస్ వెనక దాక్కుంటుంది. మూత్రనాళంలో దిగిన రాయి సంగతీ ఇంతే. కిడ్నీ ఉబ్బింది అనే దాకా స్కాన్ చెబుతుంది, నాళం మధ్యలో ఎక్కడ అడ్డుపడిందో చాలాసార్లు చెప్పలేదు. అపెండిక్స్ మరీ మొండిది. అది కనబడి మామూలుగా ఉంటే ఒక అర్థం, అసలు కనబడకపోతే ఇంకో అర్థం. కనబడని అపెండిక్స్‌ను నార్మల్ అని రాస్తే, నొప్పితో మెలికలు తిరిగే పిల్లాడిని తల్లిదండ్రులు గ్యాస్ నొప్పి అనుకుని ఇంటికి తీసుకుపోతారు. అది పగిలాక మళ్ళీ తీసుకొస్తారు. "కనబడలేదు, అనుమానం ఉంటే మళ్ళీ చూడాలి, లేదా సీటీ తీయాలి" అని ఒక్క లైను ఉంటే ఆ తల్లి రాత్రంతా మేలుకుని బిడ్డను కనిపెట్టుకుని ఉంటుంది.

2. తొందరపడాల్సిన స్కాన్‌లు వరసలో ఇరుక్కోవడం. కాలు వాచి, పిక్క బిగుసుకుపోయి వచ్చిన మనిషికి సిరలో రక్తం గడ్డకట్టిందేమో చూడటం పెద్ద బ్రహ్మవిద్య కాదు. ప్రోబ్‌తో నొక్కితే మామూలు సిర నొక్కుకుపోతుంది, గడ్డ ఉన్న సిర నొక్కుకోదు. డాప్లర్‌తో రక్తం పారుతోందో లేదో చూస్తారు. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం పోవచ్చు. గర్భసంచి బయట నిలిచిన గర్భం, మగపిల్లల్లో వృషణం మెలిపడటం కూడా గంటలతో పని ఉన్న కేసులు. మెలిపడిన వృషణాన్ని ఆరు గంటల్లోపు సరిచేస్తే దక్కే అవకాశం చాలా ఎక్కువ, ఆలస్యమయ్యేకొద్దీ తగ్గిపోతుంది. అలాంటి పిల్లాడు హెల్త్ చెకప్ ప్యాకేజీ వాళ్ళ వెనక టోకెన్ పట్టుకుని కూర్చోవడం ఏమిటి? రాత్రిపూట స్కాన్ డాక్టర్ లేరు, పొద్దున రండి అనడం ఏమిటి? అనుమానం బలంగా ఉంటే స్కాన్ కోసం ఆగకుండా ఆపరేషన్‌కు తీసుకెళ్ళాల్సిన సందర్భాలూ ఉన్నాయని మీ పుస్తకాలే చెబుతాయి. స్కాన్‌లో ప్రమాదం కనబడితే కాగితం కవర్లో పెట్టి పంపడం చాలదు. స్కాన్ చేసిన డాక్టరే ఫోన్ ఎత్తి వైద్యం చేసే డాక్టర్‌కు చెప్పాలి.

3. గర్భిణుల టెన్షన్. ఈ విషయంలో ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఎక్కువమంది నలిగేది ఇక్కడే.

మొదటి మూడు నెలల్లో బిడ్డ తల నుంచి పిరుదుల దాకా కొలిచి తేల్చిన వయసు అయిదారు రోజులు, మహా అయితే వారం అటూ ఇటూగా కచ్చితంగా ఉంటుంది. ఒకసారి అలా డెలివరీ తేదీ ఖాయమయ్యాక దాన్ని మార్చకూడదు. కానీ ప్రతి స్కాన్ రిపోర్టులోనూ యంత్రం ఆ రోజు కొలతల్ని బట్టి కొత్త తేదీ లెక్కేస్తుంది, అది అలాగే అచ్చవుతుంది. ఏడో నెల తర్వాత అలా వేసిన లెక్క మూడు వారాల దాకా తప్పవచ్చు. మూడు రిపోర్టుల్లో మూడు తేదీలు చూసిన అమ్మాయికి నిద్ర పడుతుందా? అంతకంటే ప్రమాదం ఇంకొకటుంది. బిడ్డ నిజంగా ఎదగకపోతే, "తేదీ వెనక్కి జరిగింది, కంగారు లేదు" అనేసుకుని ఆ ఎదుగుదల లోపాన్నే చూడకుండా వదిలేసే అవకాశం.

బరువు సంగతి చూడండి. కడుపులోని బిడ్డ బరువును తూకం వేయరు. తల, పొట్ట, తొడ ఎముక కొలతలు సూత్రంలో వేసి అంచనా కడతారు. అందులో 10 నుంచి 15 శాతం తేడా మామూలే. 3 కిలోలని రాస్తే 2.6 నుంచి 3.4 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. రిపోర్టులో మాత్రం 3012 గ్రాములని ఆఖరి గ్రాము దాకా అచ్చవుతుంది. ఆ అంకె చూసి బిడ్డ పెద్దదైపోయిందనీ, సన్నబడిపోయిందనీ ఇంటిల్లిపాదీ హైరానా పడతారు. అంకె పక్కనే అటూ ఇటూ ఎంత తేడా రావచ్చో రాయడానికి అభ్యంతరం ఏమిటి?

18 నుంచి 22 వారాల మధ్య బిడ్డ అవయవాల్లో లోపాలున్నాయేమో చూసే అనామలీ స్కాన్ గురించి కూడా చెప్పాలి. ప్రతి గర్భిణికీ 24 వారాల్లోపు ఒక స్కాన్ అయినా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో చెప్పింది. అంత ముఖ్యమైన స్కాన్‌ను బిడ్డ బోర్లా పడుకుని ఉన్నప్పుడు చేసి, ముఖం, గుండె గదులు సరిగ్గా కనబడకపోయినా అన్నీ నార్మల్ అని ఇచ్చేయకండి. కాసేపు నడిచి రమ్మనండి, మరో రోజు రమ్మనండి. గుండె లోపాలన్నీ ఏ స్కాన్‌లోనూ దొరకవని ముందే చెప్పండి. పుట్టాక లోపం బయటపడితే "స్కాన్‌లో బాగుందన్నారు కదా" అని ఆ తల్లి మిమ్మల్నే కాదు, తనను తానూ తిట్టుకుంటుంది.

ఇంకొకటి. ప్రోబ్ పెట్టాక మాటా పలుకూ లేకుండా పది నిమిషాలు స్క్రీన్ చూస్తుంటారు. బల్ల మీద పడుకున్న మనిషి మీ కనుబొమ్మ ముడిపడిందేమోనని చూస్తుంటుంది. కొలతలు తీసేటప్పుడు ఏకాగ్రత కావాలి, నిజమే. "కొలతలు తీసుకుంటున్నాను, కాసేపు మాట్లాడను, అయ్యాక అన్నీ చెబుతాను" అనడానికి ఎంతసేపు పడుతుంది?

4. తయారీ గురించి సరిగ్గా చెప్పకపోవడం. గాల్ బ్లాడర్ చూడాలంటే ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినకూడదు, తింటే అది ముడుచుకుపోతుంది. పొత్తికడుపు పైనుంచి గర్భసంచి, అండాశయాలు చూడాలంటే మూత్రాశయం నిండి ఉండాలి, అది పేగుల్ని పక్కకు నెట్టి శబ్దానికి దారి ఇస్తుంది. ఇవి ముందురోజే కాగితం మీద రాసివ్వాల్సిన సంగతులు. చాలాచోట్ల కౌంటర్ దగ్గరికి వచ్చాక "ఏం తిన్నారు?" అని అడిగి వెనక్కి పంపేస్తారు. ఇన్సులిన్ వేసుకునే షుగర్ పేషెంటును మధ్యాహ్నం దాకా పరగడుపున కూర్చోబెడతారు. మూత్రం ఆపుకోలేక ఒకావిడ వెళ్ళొస్తే, మళ్ళీ లీటరు నీళ్ళు తాగి రమ్మంటారు. మూత్రాశయం మరీ పొంగిపోయేలా నిండితే కిడ్నీలు కూడా కొంచెం ఉబ్బినట్టు కనబడొచ్చు. అలా లేని జబ్బు అంటగట్టించుకుని ఇంకో డాక్టర్ చుట్టూ తిరిగేవాళ్ళు ఉన్నారు. ఉబ్బు కనబడితే మూత్రానికి పంపి మళ్ళీ ఒక్కసారి చూసి రాయండి.

5. స్కాన్ మాట మీదే జబ్బు ముద్ర వేయడం. అండాశయాల్లో చిన్న చిన్న బుడగలు కనబడగానే పీసీఓడీ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) అని రిపోర్టు చివర రాసేస్తారు. ఆ జబ్బును నిర్ధారించడానికి వైద్య నిపుణులు పెట్టుకున్న 2003 నాటి రోటర్‌డామ్ ప్రమాణాల ప్రకారం నెలసరి క్రమం తప్పడం, పురుష హార్మోన్లు ఎక్కువవడం, స్కాన్‌లో అండాశయాలు అలా కనబడటం అనే మూడింటిలో రెండైనా ఉండాలి. రజస్వల అయ్యాక ఎనిమిదేళ్ళ దాకా ఈ నిర్ధారణకు స్కాన్‌ను వాడొద్దని 2018 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పాయి. ఆ వయసులో అండాశయాలు మామూలుగానే అలా ఉంటాయి కాబట్టి. అయినా పదిహేనేళ్ళ పిల్లలు చేతిలో ఆ రిపోర్టు పట్టుకుని తమకేదో అయిపోయిందని కుమిలిపోతున్నారు. నెలసరి వచ్చే వయసులో కనబడే సాదా నీటిబుడగలు చాలావరకు ఒకటి రెండు నెలల్లో వాటంతటవే పోతాయన్న మాట కూడా రిపోర్టులో ఉండదు.

ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1, గ్రేడ్ 2 కూడా ఇదే బాపతు. లివర్ తెలుపును పక్కనున్న కిడ్నీతో పోల్చి కంటితో వేసే అంచనా అది, ఇద్దరు డాక్టర్లు చూస్తే రెండు గ్రేడ్‌లు రావచ్చు. కొవ్వు కొద్దిగా ఉంటే స్కాన్‌కు అందకపోవచ్చు. లివర్ ఎంత గట్టిపడిందో ఆ గ్రేడ్ చెప్పదు, దానికి ఎలాస్టోగ్రఫీ, రక్తపరీక్షలు కావాలి. గ్రేడ్ 1 అంటే ఏమీ కాదులే అని వదిలేసినవాళ్ళూ నష్టపోతున్నారు, గ్రేడ్ 2 అనగానే లివర్ పోయిందని బెంబేలెత్తినవాళ్ళూ నష్టపోతున్నారు.

6. అక్కర్లేని స్కాన్‌లు అమ్మడం. ఏ బాధా లేని మనిషి మెడ మీద ప్రోబ్ పెడితే థైరాయిడ్‌లో ఏదో ఒక చిన్న గడ్డ కనబడే అవకాశం బాగా ఉంది, వాటిలో అత్యధికం ఏ హానీ చేయనివే. దక్షిణ కొరియాలో ఏమైందో చూడండి. 1999లో అక్కడ జాతీయ క్యాన్సర్ స్క్రీనింగ్ కార్యక్రమం మొదలైంది. అందులో థైరాయిడ్ స్కాన్ లేకపోయినా, అదనంగా కొంచెం కడితే అదీ చేస్తామని ఆసుపత్రులు జోడించాయి. 1993తో పోలిస్తే 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 15 రెట్లయ్యాయి. ఆ క్యాన్సర్‌తో చనిపోయేవాళ్ళ సంఖ్య మాత్రం మారలేదు. అంటే ఎప్పటికీ ఇబ్బంది పెట్టని గడ్డల కోసం వేలమంది థైరాయిడ్ తీయించుకుని జీవితాంతం మాత్రలు మింగుతున్నారు, కొందరి గొంతు నరం దెబ్బతింది. గడ్డ కనబడితే దాన్ని ఎంత అనుమానించాలో తెలిపే టైరాడ్స్ కేటగిరీ వేసే పద్ధతి ఉంది. అమెరికన్ రేడియాలజీ కాలేజీ 2017 పద్ధతి ప్రకారం బాగా అనుమానించాల్సిన టీఆర్5 గడ్డకైతే 1 సెంటీమీటరు, టీఆర్4కు 1.5, టీఆర్3కి 2.5 సెంటీమీటర్లు దాటితేనే సూది పరీక్ష (సూదితో కణాలు తీసి చూడటం). ఆ కేటగిరీ, ఆ సైజు, సూది పరీక్ష కావాలా వద్దా అన్నది రిపోర్టులో స్పష్టంగా రాస్తే పేషెంటు ఊపిరి పీల్చుకుంటాడు. ఒట్టి "నాడ్యూల్ ఉంది, క్లినికల్‌గా పోల్చి చూడండి" అని రాస్తే భయపెట్టడం తప్ప ఏమీ చెప్పినట్టు కాదు. ఆడవాళ్ళ రొమ్ము స్కాన్ విషయంలోనూ అలాంటిదే అయిన బైరాడ్స్ కేటగిరీ తప్పకుండా వేయండి. మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) అవసరమైన వయసులో స్కాన్ ఒక్కటి సరిపోతుందని చెప్పకండి, సున్నపు చుక్కల్లాంటి తొలి గుర్తులు మామోగ్రామ్‌లోనే బాగా తెలుస్తాయి.

7. మర్యాద, శుభ్రత. తలుపు తీసే ఉంటుంది, ఎవరెవరో వచ్చిపోతుంటారు. యోని ద్వారా చేసే స్కాన్‌ను ముందు వివరించి, ఒప్పుకున్నాకే, పక్కన ఒక ఆడమనిషి ఉండగా చేయాలి. ఆ ప్రోబ్‌కు ప్రతిసారీ కొత్త తొడుగు వేయడం, వాడాక గట్టి క్రిమినాశక పద్ధతిలో శుద్ధి చేయడం తప్పనిసరి. టిష్యూతో తుడిచి పక్కన పెట్టడం శుద్ధి కాదు. అడిగితే కోప్పడకండి.

ఇక మా డిమాండ్లు.

స్కాన్ చేసే డాక్టర్లు ప్రతి రిపోర్టులో ఏ అవయవం పూర్తిగా కనబడిందో, ఏది కొంత వరకే కనబడిందో, ఏది కనబడలేదో, ఎందుకు కనబడలేదో రాయాలి. కనబడనిది ముఖ్యమైనదైతే ఆ మాట రిపోర్టు చివర సారాంశంగా రాసే ఇంప్రెషన్‌లో కూడా రావాలి, తర్వాత ఏ పరీక్ష చేస్తే తెలుస్తుందో చెప్పాలి. సంతకం పెట్టే ముందు టైపు అయిన కాగితం మీరే చదవాలి. పాత స్కాన్ ఉంటే దానితో పోల్చి రాయాలి. గడ్డ 2 సెంటీమీటర్లుందన్న కబురు కంటే, ఏడాది కిందట ఎంత ఉండేదన్నదే మాకు కావాలి.

స్కాన్ రాసిచ్చే డాక్టర్లకు ఒకటే విన్నపం. చీటీ మీద ఒట్టి "కడుపు స్కాన్" అని గీకి పంపకండి. నొప్పి ఎక్కడ, ఎన్నాళ్ళ నుంచి, మీ అనుమానం ఏమిటి, ఇంతకుముందు ఏ ఆపరేషన్లయ్యాయి అన్నవి రెండు లైన్లలో రాయండి. ఏం వెతకాలో తెలియని మనిషి అన్నీ పైపైన చూసి వదిలేస్తాడు. రిపోర్టుకూ పేషెంటు పరిస్థితికీ పొంతన కుదరకపోతే పేషెంటునే నమ్మండి, స్కాన్ డాక్టర్‌కు ఫోన్ చేయండి.

యాజమాన్యాలకు. అన్నీ నార్మల్ అని ముందే నింపి ఉంచే రిపోర్టు నమూనాలు కంప్యూటర్ల నుంచి తీసేయండి. ప్రతి అవయవం దగ్గరా ఖాళీ పెట్టండి, డాక్టర్ చూసి నింపే దాకా ప్రింట్ రాకుండా చేయండి. ఇది సాఫ్ట్‌వేర్ మనిషికి పెద్ద పనేమీ కాదు. ఒక్కో డాక్టర్ రోజుకు ఎన్ని స్కాన్‌లు చేయాలో హద్దు పెట్టండి. నిమిషాల మీద స్కాన్ లాగించేసే చోట ఎంత మంచి డాక్టరైనా ఏం చూస్తారు? అర్జెంటు కేసులకు వేరే వరస, రాత్రి కూడా పిలిస్తే వచ్చే డాక్టర్ ఉండాలి. అడిగిన పేషెంటుకు స్కాన్ బొమ్మలు, వీడియోలు డిజిటల్‌గా ఇవ్వాలి. తయారీ సూచనలు అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే రాసివ్వాలి, పరగడుపున రావాల్సిన షుగర్ పేషెంట్లను ముందు పిలవాలి. రిపోర్టు తప్పని ఎవరైనా రాసిస్తే మళ్ళీ చూసి, తప్పుంటే సరిదిద్దిన రిపోర్టు తేదీ వేసి ఇవ్వాలి.

ఈ లేఖకు వచ్చే జవాబు కూడా అందరూ చదవగలిగేలా రాతలోనే ఇవ్వండి. వీటిలో ఏవి రేపటి నుంచే చేయగలరో, ఏవాటికి టైం కావాలో, ఏవి కుదరవో, ఎందుకు కుదరవో విడివిడిగా చెప్పండి. "పరిశీలిస్తాం" అన్న మాట ఇప్పటికే వినేశాం. మా పెద్దమ్మ రిపోర్టులో ఆ రెండు లైన్లు ఈ రోజుకీ నార్మల్ అనే ఉన్నాయి. ముందు వాటిని సరిదిద్దండి.

ఇట్లు,
ఒక పేషెంటు బంధువు